పొగలో బోణీ

ముందే చెప్పేస్తున్నాను, మేం గెలిచాం. ఓడిపోయి కళ్లు తుడుచుకునే కథలు రాసేవాళ్లు చాలామందే ఉన్నారు, నాకు వాటిని చదివే ఓపిక కూడా లేదు. సియాటిల్‌కి తూర్పున కొండల్లో ఓబర్‌మార్క్ అని ఒక చిన్న ఊరు. మొన్న వేసవిలో ఆ ఊరి సంత మైదానం ఒక రిసార్ట్ కంపెనీ చేతిలోకి పోబోయి ఆగింది. ఎలా ఆగిందో రాస్తున్నాను. వాక్యాలు మొరటుగా ఉంటే సర్దుకోండి.

ఊరు చూస్తే నవ్వొస్తుంది. ప్రతి ఇంటికీ చెక్క బాల్కనీ, బాల్కనీ నిండా ఎర్రపూల కుండీలు, గోడల మీద ఆవుల బొమ్మలు. పెట్రోలు బంకుకి కూడా వాలుకప్పే. టూరిస్టులు ఇదంతా తమకోసం కట్టిన వేషమనుకుని ఫోటోలు దిగి పోతారు. సగం వేషమే. కలప మిల్లు మూతపడ్డాక ఊరు బతకడానికి వేసుకుంది. మిగతా సగం వేషం కాదు, దాని గురించి ఎవరూ అడగరు.

నూరేళ్లకి పైమాటే, ఆల్ప్స్ కొండల్లో టిరోల్ అనే చోటు నుంచి కొన్ని కుటుంబాలు రైలు సొరంగం తవ్వడానికి ఇక్కడికి వచ్చాయి. వాళ్ల దేశంలో సంత పెట్టుకోవడం ఎవరు పడితే వాళ్లు చేసే పని కాదు. సంత హక్కున్న ఊరు వేరు, లేని ఊరు వేరు. ఆ హక్కు ఇవ్వాల్సింది రాజో బిషప్పో. వీళ్ల ఊరికి తరతరాలుగా ఇవ్వలేదు. వెన్నా జున్నూ మోసుకుని పక్క ఊరికి పోవాలి, అక్కడ సుంకం కట్టాలి, చివరి వరసలో నిలబడి అమ్ముకోవాలి. సముద్రం దాటి వస్తే ఇక్కడా అదే వరస. కూలి ఇచ్చేది రైలు కంపెనీ చీటీల్లో, ఆ చీటీలు చెల్లేది కంపెనీ కొట్టులో, ధర కంపెనీ చెప్పిందే.

ఒక శనివారం ఆ ఇళ్ల ఆడవాళ్లు ఏటి ఒడ్డున చదును నేల మీద దుప్పట్లు పరిచి, గుడ్లూ కాబేజీలూ ఒకళ్లకొకళ్లు అమ్ముకున్నారు. కంపెనీ మనుషులు వచ్చి దుప్పట్లు లాగేశారు. మరుసటి శనివారం మళ్లీ పరిచారు. లాగడం, పరచడం, ఆ వేసవంతా ఇదే పని. చివరికి కుటుంబాలన్నీ చందాలు వేసుకుని ఆ నేల కొన్నాయి. ఓబర్‌మార్క్ మున్సిపాలిటీ అయిన రోజున ఆ నేలని ఊరికి రాసిచ్చాయి, ఒక షరతు పెట్టి. మంచు కరిగినప్పటి నుంచి మళ్లీ మంచు పడేదాకా ప్రతి శనివారం, మధ్యాహ్నం గంట కొట్టేలోపు, ఈ ఊళ్లో ఒక ఇంటివాళ్లు ఇంకో ఇంటివాళ్లకి ఆ నేల మీద ఏదో ఒకటి అమ్మాలి. చీటీలతో విసిగిపోయిన జనం కదా, రొక్కం చేతులు మారితేనే అమ్మకం అని గట్టిగా రాసుకున్నారు. ఒక్క శనివారం తప్పితే సంత హక్కు పోతుంది. ఆ తర్వాత నేలని మున్సిపాలిటీ ఏమైనా చేసుకోవచ్చు.

ఇది ఊళ్లో బడిపిల్లలకి కూడా తెలిసిన సంగతి. వరద ఏడు ఒకాయన తలుపు చెక్క మీద తేలుతూ వచ్చి కాబేజీ అమ్మాడని, మహమ్మారి ఏడు ఒకావిడ గుడ్డు అమ్మి, వచ్చిన నాణేన్ని వెనిగర్‌లో వేసుకుందని చెప్పుకుంటారు. నాకు చెప్పింది గంట కొట్టే వాల్ట్ ఐగ్నర్. ఎనభై దాటిన మనిషి, మిల్లులో రంపానికి రెండు వేళ్లు ఇచ్చుకున్నవాడు. చెబుతున్నంతసేపూ మా పెసరట్టు తింటూనే ఉన్నాడు. నేను మాత్రం ఆ దుప్పట్ల దగ్గరే ఆగిపోయాను. ఆ ఆడవాళ్ల పేర్లు పలకడం నాకు రాదు. అయినా వాళ్లు నాకు చుట్టాలే.

మేం ఈ ఊరికి వచ్చి మూడేళ్లు. సియాటిల్ పక్కన బాతెల్‌లో మా ఆయన మల్లికార్జునరావు ఉద్యోగం పోయాక, అక్కడి అద్దెలు మోయలేక వచ్చాం. వారమంతా ఆయన ఇంట్లో కూర్చుని చేసే చిన్న కాంట్రాక్టు పని, శనివారం సంతలో పెసరట్ల దుకాణం. మా నైనిక కాలేజీ సెలవులకి వచ్చి సాయం చేసేది. నేను ఏ యూనియన్‌లోనూ తిరగలేదు, ఏ పార్టీ క్లాసులకీ పోలేదు. బాతెల్ అపార్ట్‌మెంట్లలో ఒక చలికాలం హీటర్లు ఆగిపోతే తలుపు తలుపూ కొట్టి జనాన్ని లీజింగ్ ఆఫీసు ముందు కూర్చోబెట్టాను. నా చదువంతా అదే.

జూన్‌లో మేయర్ డెనీస్ మీటింగ్ పెట్టింది. రిసార్ట్ కంపెనీ కొండ మీదికి కేబుల్ కార్ వేస్తుందట, దాని స్టేషన్‌కీ పార్కింగ్‌కీ సంత మైదానం కావాలట. సంత నడుస్తున్నంతకాలం ముట్టుకోవడానికి వీల్లేదు కాబట్టి బలవంతమేమీ లేదని, హైవే పక్కన కంపెనీ కట్టిన ఏసీ హాల్లో అమ్మేవాళ్లందరికీ ఉచితంగా టేబుళ్లు ఇస్తారని, ఇష్టమైనవాళ్లు వెళ్లొచ్చని చెప్పింది. ఎంత తియ్యగా చెప్పిందంటే పక్కనున్నావిడ తలూపుతూనే ఉంది. నేను లేచాను. నేను లేచేసరికే డెనీస్ నవ్వు మొహం పెట్టి, మా పాన్‌కేకులంటే ఊరందరికీ ఇష్టమనీ, నాకు తలుపు దగ్గరి టేబుల్ ఇప్పిస్తాననీ అంది.

"అవి పాన్‌కేకులు కావు, పెసరట్లు," అన్నాను. "నేను టేబుల్ అడగడానికి లేవలేదు. మీరందరూ ఆ హాల్లోకి పోతే ఇక్కడ అమ్మేవాళ్లు ఉండరు. అమ్మేవాళ్లు లేని మొదటి శనివారం ఈ నేల పోతుంది. బలవంతం లేదని ఈవిడ చెప్పింది అందుకే. నేను కదలను."

చప్పట్లు మోగాయి. చప్పట్లు కొట్టినవాళ్లలో సగం మంది జూలైలో హాల్లో టేబుళ్లు తీసుకున్నారు. వాళ్లనీ తిట్టలేను. ఎండకి జున్ను కరిగిపోతుంటే జున్నమ్మేవాడు ఏసీ వదులుకుంటాడా?

ఇంట్లో పోరు ఇంకోటి. దేశానికి అటు చివర, తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ప్లెయిన్స్‌బరో నుంచి పాత పరిచయస్తులు కృష్ణమూర్తి గారు మా ఆయనకి ఉద్యోగం చూశారు. మందుల కంపెనీలో పర్మనెంట్ పోస్టు, సెప్టెంబర్‌లో చేరాలి. ఆయన నాలుగు రోజులు ఆ ఈమెయిల్ తెరవడం, మూయడం, నా మొహం చూడడం. అయిదో రోజు భోజనాల దగ్గర మొదలుపెట్టారు.

"జయంతీ, ఊరు వాళ్లది, గొడవ వాళ్లది. మధ్యలో మనకెందుకు చెప్పు?"

"మనం ఇంటి పన్ను ఇక్కడే కడుతున్నాం కదండీ."

"ప్లెయిన్స్‌బరోలో అయితే మనవాళ్లుంటారు. ఒంట్లో బాగోకపోతే కాస్త చారు తెచ్చిచ్చేవాళ్లుంటారు."

"పోయిన చలికాలం మీకు జ్వరమొస్తే టీచరమ్మ హిల్డా సూపు తెచ్చివ్వలేదా?"

"అది సూపే," అన్నారాయన దిగులుగా. నైనికకి పొలమారింది.

చివరికి ఒక మాట అనుకున్నాం. సెప్టెంబర్ దాకా సంత నిలబడితే ఇక్కడే ఉంటాం. నేల పోతే ప్లెయిన్స్‌బరో. ఆయన న్యాయమైన మనిషి, ఆ మాట మీద చెయ్యి కూడా వేశారు. సంతకి అడ్డం పడరు, అలాగని దానికోసం పోట్లాడరు కూడా. నాకు అది చాలనిపించింది.

ఒక్కటే బాధ ఆయనతో. తెలిసినవాళ్ల దగ్గర డబ్బులు తీసుకోలేరు. రాజమండ్రి మర్యాద. ఎవరైనా పర్సు తీస్తే చాలు, రెండు చేతులూ అడ్డం పెట్టి "నో నో నో, ప్లీజ్" అంటారు. మొదటి ఏడు తెలిసినవాళ్లు తక్కువ కాబట్టి గడిచిపోయింది. మూడో ఏటికి ఊరంతా తెలిసినవాళ్లే, అందరికీ ఆయన మల్లీయే. రిటైరైన టీచరమ్మ హిల్డా మోజర్ మేం దిగిన కొత్తలో ఆప్రికాట్ పళ్ల జామ్ సీసా తెచ్చిచ్చింది. అంతే, ఆవిడ దగ్గర ఈయన జన్మలో డబ్బు ముట్టుకోలేదు. మొదట్లో ప్రతి శనివారం వచ్చే మనిషి తర్వాత నెలకోసారి వచ్చేది. పెసరట్టు మొహం మొత్తిందేమో అనుకున్నాం.

ఆగస్టులో కొండకి అవతల అడవి అంటుకుంది. పొగ ముందు సాయంత్రాల్లో వచ్చేది, తర్వాత పొద్దున్న కూడా పోలేదు. సూర్యుడు రాగి చెంబులా వేలాడేవాడు. ఉతికిన బట్టలు ఇంట్లోనే ఆరేసుకున్నాం. సంతలో మిగిలిన నలుగురూ ఒక్కొక్కరే హాల్లోకి పోయారు. తేనె అమ్మే కర్టిస్ ఒక్కడు ఆగాడు, నన్ను చూసి సిగ్గుపడి. ఆ వారం మధ్యలో హెచ్చరిక వచ్చింది. సామాన్లు సర్దుకుని సిద్ధంగా ఉండండి, వెళ్లే చోటున్నవాళ్లు ముందే వెళ్లిపోండి అని. శుక్రవారానికి కంపెనీ హాలు కూడా మూసేశారు. కర్టిస్ ఇల్లు వంతెనకి అవతల. వంతెన మీద ఊళ్లోకి వచ్చే దారి ఆపేశారు, పోయే దారి ఒక్కటే తెరిచి ఉంచారు.

అంటే శనివారానికి సంత అంటే మేమే.

నేను లెక్కలన్నీ వేసుకున్నాను. అమ్మేవాళ్లం మేమున్నాం. కొనడానికి ఒక్క ఇల్లు కావాలి. హిల్డాకి ఫోన్ చేశాను. కొడుకు కారు తెస్తున్నాడని, సామాను ఎక్కించే లోపు తప్పకుండా వస్తానని చెప్పింది. పొద్దున్నే గుడారం వేసి, గ్యాస్ స్టవ్ మీద పెనం పెట్టి, మా ఆయనతో అన్నాను, హిల్డా వస్తుంది, వేడిగా వేసి పెట్టండి అని. ఒక్క అమ్మకం మీద ఊరి నేలంతా నిలబెట్టడం నాకు నచ్చలేదు. రెండో దుకాణం ఉండాలని కర్టిస్‌ని లోపలికి రానిమ్మని అడగడానికి వంతెన దగ్గరికి నడిచాను. అక్కడి పోలీసు కుర్రాడితో చాలాసేపు వాదించాను. మర్యాదగా విన్నాడు, మర్యాదగానే కుదరదన్నాడు. ఊరు వదిలిపోయే కార్లు మైదానం పక్క నుంచి వంతెన దాకా బారులు తీరి, నత్తల్లా కదులుతున్నాయి. తిరిగొస్తుంటే గొంతు మండుతోంది. గుడారం మీద బూడిద సన్నగా రాలుతోంది.

డెనీస్, టౌన్ క్లర్క్ గుడారం పక్కన మాస్కులు పెట్టుకుని నిలబడి ఉన్నారు. సాక్షులు. గంటస్తంభం కింద వాల్ట్ తాడు పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. మా ఆయన మొహం వెలిగిపోతోంది.

"హిల్డా వచ్చి తిని వెళ్లింది. రెండు తింది. అల్లం పచ్చడి సీసాలో పెట్టిచ్చాను," అన్నారు.

క్లర్క్ వైపు తిరిగి, రాసుకున్నావా అని అడిగాను. ఆ అమ్మాయి మా ఆయన్ని చూసి, నన్ను చూసి, అమ్మకం జరగలేదని చెప్పింది. డబ్బు తీసుకున్నారా అని తను అడిగిందట. ఆవిడ మా అతిథి అని మిస్టర్ రావ్ చెప్పారట, గర్వంగా.

"ఏవండీ, డబ్బులు తీసుకోలేదా?"

"ఇల్లు వదిలి పోతోందే మనిషి. దగ్గుకుంటూ వచ్చింది. అలాంటావిడ దగ్గర డబ్బులెలా తీసుకుంటాం?"

"ఆవిణ్ణి పిలిచిందే కొనడానికి కదండీ."

"వేడిగా వేసి పెట్టమన్నావు. పెట్టాను. అమ్మమని ఎక్కడన్నావు?"

అనలేదు. దుకాణంలో నిలబడ్డ మనిషికి అమ్మమని వేరే చెప్పాలని నాకు తోచలేదు. నైనిక పెనం దగ్గర నుంచి అంది, "అమ్మా, ఆంటీ పర్స్ ఓపెన్ చేసింది. డాడీ క్లోజ్ చేయించాడు. లిటరల్లీ, చేత్తో క్లోజ్ చేశాడు."

మధ్యాహ్నం గంట కొట్టడానికి పావుగంట కూడా లేదు. వాల్ట్ కొనడానికి లేదు, గంట పట్టినవాడు కొనకూడదు, అమ్మకూడదు. క్లర్కూ అంతే. డెనీస్‌ని అడిగాను. ఆ పూట ఆమె నాకు శత్రువే, అయినా అడిగాను. కొననని చెప్పింది. ఊరి నీళ్ల పైపులు మార్చడానికి వేరే దారి లేదని, కంపెనీ డబ్బుతోనే అవుతుందని, తన మనసులో ఇదే ఊరికి మంచిదని చెప్పింది. ఆ మాట చెప్పినందుకు ఆమెకి సంతోషంగా లేదు. అది రాయకపోతే నేను అబద్ధం రాసినట్టు.

నా దగ్గర ఉపన్యాసాలు అయిపోయాయి. నిజంగా. వంతెన దగ్గరే అన్నీ ఖర్చయిపోయాయి.

మా ఆయన గంటస్తంభం మీది గడియారం వైపు ఒకసారి చూశారు. ఏప్రన్ విప్పలేదు, చెయ్యి తుడుచుకోలేదు. కార్ల బారు వైపు నడిచారు, తర్వాత పరుగెత్తారు. ఆయన పరుగెత్తగా నేను చూసింది అదే మొదలు. ఒక్కో కారు కిటికీ దగ్గరా వంగి, లోపల చూసి, చెయ్యెత్తి క్షమించమని, మళ్లీ పరుగు. పొగలో ఆయన ఏప్రన్ కాసేపు తెల్లగా కనిపించింది, తర్వాత కనిపించడం మానేసింది.

"పిండి వెయ్యి," అన్నాను నైనికతో.

ఆయన హిల్డాని చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ వచ్చారు. ఆవిడ ఇంటి చెప్పులతోనే ఉంది. వెనకాల కొడుకు, ఏం జరుగుతోందో తెలియక మొహం చిట్లించుకుని. ఆయన ఆవిణ్ణి దుకాణం ముందు నిలబెట్టి, తను చుట్టూ తిరిగి పెనం వెనక్కి వచ్చారు. నైనిక తీసిన పెసరట్టు కాగితం పళ్లెంలో పెట్టారు. పళ్లెం పట్టుకున్నారు, ఇవ్వలేదు. గొంతు సవరించుకున్నారు. డెనీస్ చూస్తోంది, క్లర్క్ చూస్తోంది. కిందికి చూస్తూ, ఇంగ్లిష్‌లోనే, కానీ అలవాటు పోక గారు తగిలించి అన్నారు:

"హిల్డా గారూ, అయిదు డాలర్లు అవుతుంది."

హిల్డా వెంటనే పర్సు తియ్యలేదు. ఆయన్నే చూస్తూ నిలబడింది. తర్వాత చెప్పిన మాటలు నాకు ఇంకా చెవిలో ఉన్నాయి.

"మూడేళ్లయింది మీరు నన్ను ఈ మాట అడక్క," అంది. "ఊరికే పెడుతుంటే ప్రతివారం ఎలా రాను? నెలకోసారి వచ్చి సిగ్గుతో తిని పోయేదాన్ని. మా నాయనమ్మ ఈ నేల మీద దుప్పటి పరిచింది, మల్లీ. ఎవరూ తనకి దయతో పెట్టకూడదనే పరిచింది."

మా ఆయన తల ఎత్తారు. ఆవిడ నోటు ఇచ్చింది, ఆయన పళ్లెం ఇచ్చారు. ఇచ్చాక, అప్పటిదాకా ఎన్నడూ చెయ్యనిది, ఆ నోటుని రెండు కళ్లకీ అద్దుకున్నారు. ఏంటది అని క్లర్క్ నైనికని అడిగింది.

"బోణీ," అంది మా పిల్ల. "ఫస్ట్ సేల్. మనకి అది లక్ష్మి. సో, థాంక్యూ చెప్తున్నాడు."

క్లర్క్ రాసుకుంది. డెనీస్ గట్టిగా ఊపిరి వదిలి గుడారం గుంజకి ఆనుకుంది.

ఇక్కడితో ఆగినా గెలుపే. కానీ కదలని కార్లలో కూర్చున్న జనం ఇదంతా చూశారు. ముందు ఒక కారు బారులోంచి పక్కకి తిరిగి మైదానంలోకి వచ్చింది. తర్వాత ఇంకోటి. హాల్లో టేబుల్ తీసుకున్న జున్నాయన దిగి, నా మొహం చూడకుండా రెండు పెసరట్లు అడిగాడు. మా ఆయన ఈసారి తడుముకోకుండా ధర చెప్పారు. ఒకావిడ డిక్కీ తెరిచి, ఊరు వదిలిపోతూ సర్దుకున్న ఊరగాయ బీట్‌రూట్ సీసాలు బయటికి తీసింది. ఆమె వెనక కారాయన సీసా కొన్నాడు. కొన్నాయన తన డిక్కీలోంచి గోడగడియారం తీస్తే, అరవై ఏళ్లుగా దాని మీద కన్నేసిన పక్కింటాయన అక్కడికక్కడ కొనేశాడు. మంటకి భయపడి మూటకట్టుకున్న సామాన్లు బూడిద రాలుతున్న నేల మీద పరుచుకున్నాయి. దుప్పట్లు కూడా పరిచారు. వాల్ట్ లేచి నిలబడి తాడు పట్టుకున్నాడు. ఎనిమిది వేళ్లతో అంత గట్టిగా గంట కొడతాడని ఎవరనుకుంటారు? ఏటి అవతల కర్టిస్‌కి కూడా వినిపించిందట.

మంగళవారం వాన పడింది. మంట కొండ దాటలేదు. వెళ్లినవాళ్లు తిరిగొచ్చారు, తిరిగొచ్చినవాళ్లు హాల్లోకి పోలేదు. సెప్టెంబర్ మొదట్లో కంపెనీ తన కేబుల్ కార్‌ని ఇంకో లోయకి పట్టుకుపోయింది. నీళ్ల పైపుల సంగతి మిగిలింది కదా, దానికోసం డెనీస్ కమిటీ వేసి నన్ను రమ్మంది. వెళ్లాను. పోట్లాడుకుంటున్నాం. పైపులు మాత్రం పడతాయి.

కృష్ణమూర్తి గారు ఫోన్ చేసినప్పుడు నేను వంటింట్లో ఉన్నాను. మా ఆయన స్పీకర్‌లో పెట్టారు, నన్ను వినమని కాబోలు. రాలేనని చెప్పారు, థాంక్స్ చెప్పారు, మళ్లీ థాంక్స్ చెప్పారు. కృష్ణమూర్తి గారికి నమ్మకం కుదరలేదు.

"పర్మనెంట్ పోస్టయ్యా మల్లికార్జునా, ఎందుకు వదులుకుంటున్నావు?"

"శనివారాలు కుదరదండీ."

"శనివారం ఎవడు పని చెయ్యమన్నాడయ్యా? సోమవారం నుంచి శుక్రవారం దాకానే కదా."

మా ఆయన ఫోన్ మీదికి వంగారు. ఆ ప్రశ్నకి నిజంగా జవాబు వెతికారు.

"అప్పుడు శుక్రవారం రాత్రి పెసలు ఎవరు నానబోస్తారండీ?" అన్నారు.